జంగల్ హౌసీ

హలో… ఆ, నేనేరా, వసంతక్కను. జర ఆగు, ఊపిరి తీస్కోనియ్యి… శ్రీనివాస్ దుకాణంలకెళ్లి కేకేసిండు, భివండి నుంచి నీ తమ్ముడు లైన్ మీద ఉన్నడని. కత్తెర కింద పెట్టుడు కూడ యాదికి రాలే, చేతిల పట్టుకునే ఉరికొచ్చిన.

…ఆ, బాగనే ఉన్నం. నువ్వు?

…ఊ.

…మగ్గాల సప్పుడు గట్టిగ వస్తున్నది రాజారాం. జర నోటికాడ పెట్టి మాట్లాడు.

…ఏమైనవు?

…జాబర్ అయినవా. అయితే ఇగ మగ్గం ముందు నిలబడే పని లేదు. పదిమంది మగ్గాలు చూసుకుంట తిరుగుడే… ఆ. మంచిగైంది.

— సంతోషం లేదని ఎవరన్నరు? నాకు ముందుగాల్లనే తెలుసు, అందుకే.

…ఎట్ల తెలుసంటే… చెప్త. తొందరేమున్నది. ఫోన్ నువ్వే చేసినవు, మీటర్ నీదే.

…నీ బిడ్డనా? లేదు, చంద్రి ఇంట్ల లేదు. చుట్టిన బీడీలు కార్ఖానల అప్పజెప్ప పోయింది. ఈ తొవ్వనే రావాలె. వస్తే పిలుస్త.

…ఆ, చుడుతున్నది. దివాళీ సుట్టీల నుంచి చాట ముందు కూసుంటున్నది. నేను కూసోమనలే. తనే కూసున్నది.

…శాళకా? బడికైతే పోతది. పోయొస్తది. గంతే.

…

…కోపమా? ఎవరి మీద?

…నీ మీద ఎందుకుంటది కోపం. నువ్వేం చేసినవు?

—

ఏం చేసినవు చెప్పు మరి.

…అట్లనా. శాళోళ్లే వద్దన్నరా. అడవికి తీస్కపోయేటోళ్ల పేర్లల్ల కెళ్లి శాళోళ్లే చంద్రి పేరు తీసేసిండ్రా… నీకెవరు చెప్పిండ్రు? … గల్లీల అనుకుంటుంటే ఎవరో చెప్పిండ్రు. ఓహో. హెడ్మాస్తరు నీకు ఫోన్ గిట్ల చేసిండా? … చేయలే. నువ్వు ఎవ్వరితోని మాట్లాడలే… సరే.

…లే, ఏం లేదు. ఉత్తగనే అడిగిన.

…

…ఏంది? మళ్ల చెప్పు?

…అది ఏం ఆట, గంత మంది గంత లొల్లి చేసిండ్రు అని అడుగుతున్నవా.

తమ్మీ, ఏం ఆటనో కూడ తెలుసుకోకుండనే… సరే. చెప్త. మీటర్ పోతే పోనీ. ఇయ్యాల అంత వినే పెట్టాలె నువ్వు ఫోన్.

మన గణపతి మండపంల ఆడోళ్లు హౌసీ ఆడుతరు చూడు. ఒకరు నంబర్ పిలుస్తరు, చీటీల ఆ నంబర్ ఉన్నోళ్లు కొట్టేస్తరు… ఆ, తంబోలా. అదే. శాళల రాఘవేంద్ర సార్ అని ఒక పిల్ల సార్ వచ్చిండు, సైన్స్ చెప్తడు. ఆయన చంద్రపూర్ దిక్కు తాడోబా అడవి చూసొచ్చిండు. అది సర్కారోళ్లు కాపాడే అడవి, నేషనల్ పార్క్ అంటరు. ఆడ చెట్టు కొట్టొద్దు, జంతువును ముట్టొద్దు. ఆ సార్ వచ్చి పిల్లలకు అట్ట ముక్కల మీద గళ్లు గీసి, గల్లకొక బొమ్మ వేసిచ్చిండు. నంబర్లు లేవు. పులి, ఎలుగుబంటి, అడవిదున్న, మొసలి, నెమలి, వెదురు పొద, మోదుగ చెట్టు… ఆ అడవిల ఏమేమి ఉంటయో అవన్ని. ఒక్కొక్కరి అట్ట ఒక్కొక్క తీరు.

…ఆ, అయితే ఆయన పేరు పెట్టి పిలువడు. గుర్తు చెప్తడు. పొడుపుకథ లెక్క. 'నాలుగు కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడుక్కున్న, బడికి మాత్రం పోను' అంటడు. ఎవరిది? అడవిదున్నది. దాని కాళ్లు మోకాళ్ల దాంక తెల్లగ ఉంటయంట. 'కుక్కనే గని మొరగ, ఈలేసి దోస్తులను పిలుస్త' అంటడు. అది రేచుకుక్క. తెలిసినోళ్లు ఆ బొమ్మ మీద చింతగింజ పెట్టాలె. వరుస నిండితే లేచి 'జంగల్' అని అరవాలె. అరిచినోళ్లు ఊకనే గెలిచినట్టు కాదు. వరుసల ఉన్న ఒక్కొక్కదాని గురించి నలుగురి ముందల నిలబడి చెప్పాలె. చెప్పలేకపోతే చింతగింజలు తీసేసి కూసోవాలె.

…ఆ. నసీబు ఒక్కటే కాదు, నేర్చుకోవాలె గూడ. అదే చెప్తున్న.

నువ్వు పోయినప్పటి చంద్రి కాదురా అది. దాని తల్లి పోయినంక నా చేతులల్ల పెట్టి పోయినవు, గప్పుడు నోట్ల మాట లేకుండె. ఎవరన్న ఇంటికొస్తే తలుపు సాటుకు పోయేది. ఈ ఆట దొరికినంక ఆ పోరిని ఆపేటోళ్లు లేరు. సార్ అంత మరాఠీల చెప్తడు గద. ఈమె ఇంటికొచ్చి తెలుగుల మార్చేది. తెలుగు పేరు తెల్వకపోతే పెంటయ్య తాత దగ్గరికి ఉరికేది. ఆయన చిన్నప్పుడు కరీంనగర్ దిక్కు అడవి పక్క ఊర్లె ఉన్నడు గద, రేచుకుక్క, మనుబోతు, కణుజు, ఈ పేర్లన్ని ఆయన చెప్పినయే. ముసలాయన ఎప్పుడు ఎవరడుగుతరా అన్నట్టు గడపల కూసునేది.

…ఉన్నడు, ఉన్నడు. కండ్లు కనవడ్తలేవు, గంతే.

పెండ్లి పత్రికలు దాచి పెట్టుకోని, వాటి వెనుక బొమ్మలు గీసింది. మాకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చింది. మేము బీడీలు చుట్టుకుంట కూసుంటే మధ్యల నిలబడి పిలిచేది. చేతులు ఆకు మీద, చెవులు దాని మీద. 'పిల్లలను వీపు మీద మోస్త, చెదలపుట్టను చాయ్ జుర్రినట్టు జుర్రుత' అంటే పార్వతీబాయి 'ఎలుగుబంటి' అని కేకేసి తంబాకు ఒలకబోసుకున్నది. మా సడకు పక్క చెట్టు తప్ప చెట్టు చూడనోళ్లమురా మేము. మొసలి నోరు తెరుచుకోని ఎందుకు పడుకుంటదో మా బీడీలోళ్ల బస్తీ విడీ ఘర్కుల్ల ఏ ఆడదాన్నన్న అడుగు, చెప్తది.

…ఆకలై కాదు. ఒంట్ల వేడి తగ్గనీకె.

…నవ్వకు. ఇంక నవ్వే కాడికి రాలే.

ఒకదినం నేను ఆకు తడుపుతుంటే వచ్చి ఒక ఆకు తీస్కోని ముక్కుకాడ పెట్టుకున్నది. అత్తా, ఈ తునికాకు చంద్రపూర్ దిక్కు నుంచే వస్తదట, సార్ చెప్పిండు అన్నది. పులి ఈ చెట్టు పక్కకెళ్లి నడిచిపోయి ఉంటది కావచ్చు అన్నది. నేను ఇన్నేండ్ల కాడ్కెళ్లి ఆకు కత్తిరిస్తున్న రాజారాం. అది ఒక చెట్టుకు కాసింది, ఆ చెట్టు ఒక జాగల నిలబడి ఉంటది అని నాకెప్పుడు తట్టలే.

…

వింటున్నవా?

…సరే.

గప్పుడే వన్యజీవుల వారం అని పుణె కెళ్లి జంతువుల సంఘపోళ్లు వచ్చిండ్రు. ఊర్లె శాళలన్నిట్ల ఈ ఆట పోటీ పెట్టిస్తమన్నరు. మొదటి ముగ్గురిని దివాళీ సుట్టీల తాడోబా తీస్కపోతమన్నరు. రైలు, తిండి, జీపు అంత వాళ్లదే. వెంబడి సార్లు, ఒక టీచరమ్మ.

…ఆ, ఆడ టీచర్ ఉన్నది. ఎందుకడుగుతున్నవో నాకు ఎరుకే.

కొంతం చౌక్ కాడ హాల్ల పెట్టిండ్రు పోటీ. మా గల్లీ ఆడోళ్లం అందరం పోయినం, ఆ దినం బీడీలు బందు పెట్టి. నేను చంద్రికి నా పెండ్లి చీర కోసి పరికిణి కుట్టిచ్చిన. పెద్ద పెద్ద శాళల పిల్లలు, బూట్లు టైలు. ఈమె చెప్పులు బయట విడిచి పోయి కూసున్నది, గుడిలకు పోయినట్టు.

వరుసల ఆఖరుకు ఒక్క గల్లె మిగిలింది. పిలిచేటామె అన్నది, 'ఎండాకాలం నా చిగురు కోసం వేల మంది అడవిలకు వస్తరు' అని. చంద్రి గింజ పెట్టి లేచింది. 'జంగల్' అన్నది. అరవలే, మెల్లగనే అన్నది. స్టేజీ మీదికి పిలిచిండ్రు. అన్ని చెప్పింది, పులి, దున్న, పాముగద్ద, అన్ని. ఆఖరుకు తునికి చెట్టు కాడ ఆగింది. నాకు పాణం పోయింది, మర్చిపోయిందేమో అని. మరాఠీల ఏమన్నదో తెలుసా? 'ఈ చెట్టును నేను చూడలే. దీని ఆకు రాని దినం మా ఇంట్ల పొయ్యి వెలగదు' అన్నది.

హాలంత లేచి నిలబడ్డదిరా.

…

…ఆ. పైలా నంబర్, అందరికంటె ముందల. పేపర్ల పేరు వచ్చింది, చంద్రభాగ రాజారాం అని. నీ పేరు కూడ పడ్డది.

…ఆ సంగతి తెలుసా? ఎవరు చూపిచ్చిండ్రు? … దశరథ్ సేట్ చూపిచ్చిండా. పిలిచి చూపిచ్చిండా.

మరి జాబర్ ఎప్పుడైనవన్నవు?

…

లైన్ మీద ఉన్నవా?

…ఆ, ఉన్నవు గద. సరే విను.

దశరథ్ సేట్ మనవరాలు మంగళ కూడ ఆడింది. నాలుగో నంబర్ వచ్చింది. సేట్ నీకు యజమాని, ఈడ శాళకు ట్రస్టీ. ఈ సంగతి మాకెందుకు తడుతది? మేము సంచి సర్దుకునుడుల ఉన్నం. అడవిల రంగురంగుల బట్టలు కట్టొద్దంట, ఆకు రంగు, మట్టి రంగు కట్టాలెనంట. పార్వతీబాయి తన కొడుకు ఖాకీ అంగి ఇచ్చింది. నేను ఒప్పుకున్నట్టు శాళల అంగూఠా, వేలిముద్ర, వేస్తనన్న. హెడ్మాస్తరు మేనత్తది చెల్లదు, తండ్రి ఒప్పుకోవాలె అన్నడట. చంద్రి నవ్వుకుంట వచ్చి చెప్పింది నాతోని. బాపు వద్దంటడా అత్తా, బాపుకు తెలిస్తే భివండి అంత చెప్పుకుంట తిరుగుతడు అన్నది.

…

రెండోదినం శాళకు పోయి మధ్యాన్నమే ఇంటికొచ్చింది. సంచిలకెళ్లి బట్టలు తీసి మడతపెడ్తున్నది. ఏమైందే అంటే, నేను పోను అన్నది. ఎందుకంటే, నాకు పులి అంటే భయమైతున్నది అన్నది.

నేను నమ్మలే ముందుగాల్ల. కోపం కూడ వచ్చింది. ఏడాది సంది పులి పులి అని పాణం తీసి ఇప్పుడు భయమేందే అన్న. రాఘవేంద్ర సార్ ఇంటికొచ్చిండు. మా గడపల కూసోని, బతిలాడిండు దాన్ని. సార్, నాకు నిజంగ భయం అన్నది. కండ్లల్లకు చూసుకుంటనే అన్నది. ఆయన లేచి పోయిండు. మంచినీళ్లిస్తే కూడ తాగలే. గల్లీల ఎవరడిగినా అదే మాట. ఆడోళ్లు ఎగతాళి చేసిండ్రు, పులిబొమ్మను గీసినదానివి పులికి భయపడ్డవా అని. ఆ, భయపడ్డ అని నవ్వేది.

దాని జాగల మంగళ పోయింది.

…ఆగు. నడుమల మాట్లాడకు. నువ్వు మాట్లాడే వంతు వస్తది.

సుట్టీలు అయినంక మంగళ మా ఇంటికొచ్చింది. మంచి పిల్ల. దాని తప్పేమి లేదు, నేను అబద్ధం చెప్ప. దివాళీ ఫరాళ్, లడ్లు చివడా, డబ్బల పెట్టి తెచ్చింది. చంద్రి పక్కకు కూసోని అడవి సంగతులన్ని చెప్పింది. చెరువు కాడ మొసలి కనవడ్డదట. పులి కనవడలేదట, మట్టిల పంజా గుర్తు ఒక్కటే కనవడ్డదట. చంద్రి అన్ని విన్నది. పంజా ఎంతున్నది, చెయ్యి పెట్టి చూపియ్యి అన్నది. ఆ పిల్ల చూపిచ్చింది. ఇది తన చెయ్యి దాని పక్కకు పెట్టి చూసుకున్నది.

పోయేముందు మంగళ నాతోని అన్నది, 'అత్తా, రాజారాం కాకకు నా థ్యాంక్స్ చెప్పు, కాకనే ఫోన్ల చంద్రి జాగ నాకియ్యమన్నడట గద, తాత చెప్పిండు' అని.

…

…

ఆ పిల్ల నోటితోని విన్న తమ్మీ ఈ మాట.

…వద్దు, ఇప్పుడు సేట్ పేరు ఎత్తకు. చెప్పనియ్యి నన్ను.

మంగళ పోయినంక నేను చంద్రిని పట్టుకున్న. ఏందే ఇది, మీ బాపు ఎవరితోని మాట్లాడిండు అని. ఒట్టు వేయించుకోని చెప్పింది.

ఆ దినం హెడ్మాస్తరు దాన్ని రూముల నిలబెట్టి, నీ కార్ఖానకు ఫోన్ కలిపిండు.

…ఆ. రూములనే ఉన్నది. టేబుల్ ముందల. నువ్వు ఈడ ఉన్నది హెడ్మాస్తరు ఒక్కడే అనుకున్నవు. చంద్రి నిలబడ్డదిరా ఆడ.

నువ్వు ఏమన్నవో దానికి వినవడలే. హెడ్మాస్తరు అన్నది వినవడ్డది. నాకు అట్లకట్లనే చెప్పింది. 'రాజారామేనా… ఆ, పోరి గురించే. సేట్ నీతోని మాట్లాడిండట గద… ఆ… అయితే పంపవు. నీ నోటితోనే చెప్తున్నవు, మళ్ల మాట మారొద్దు… మంచిది. జాబర్ చేస్తున్నడట గద సేట్ నిన్ను, పేడా మిఠాయి తినిపియ్యాలె మరి.' గంతే. నీ మాట ఒక్కటి కూడ వినే అవసరం పడలే దానికి.

ఫోన్ పెట్టి హెడ్మాస్తరు, మీ బాపు ఒప్పుకోలేదమ్మా అన్నడట. సరే సార్ అని వచ్చింది.

…

ఏడుస్తున్నవా?

…ఏడువు. నేను ఆ దినం ఏడ్చిన. అది మాత్రం ఏడువలే, అదే నాకు భయం.

…

…అంటే, సేట్ నౌకరీ తీసేస్తనన్నడా?

…అనలేదా.

…బెదిరిచ్చిండా?

…అది కూడ లేదా. మరి?

…పిలిచి కూసోబెట్టిండు. కుర్చీల. చాయ్ తాగిపిచ్చిండు. పేపర్ చూపిచ్చి నీ బిడ్డ హుషారు అన్నడు. మా మంగళకు మస్తు మనసున్నది, ఆడపిల్లను అంత దూరం పంపుడు నీకు కూడ ఇష్టముండదు గద అన్నడు… ఆ… నువ్వు?

…నాకు ఇష్టమే లేదు సేట్ అన్నవు. ఆయన అడుగకముందే.

…లే, మెల్లగ చెప్పు, ఏడ్చుకుంట చెప్తే నాకు సమజ్ అయితలేదు.

…చూడు, నేను నౌకరీ విలువ తెల్వనిదాన్ని కాదు. ఈడ మిల్లు మూసేసినప్పుడు నువ్వు ఎట్ల తిరిగినవో నా కండ్లతోని చూసిన. నువ్వు ఒక్క ఫోన్ చేసి, అక్కా, ఇట్ల సంగతి, నా బతుకు ఆయన చేతిల ఉన్నది, బిడ్డకు జర చెప్పి చూడు అంటే, నేను దాన్ని కూసోబెట్టి చెప్పేదాన్ని. అది ఏడుస్తుండె. ఏడ్చి, సరే బాపు కోసం అని తనే ఇచ్చేది. దాన్ని నేను ఎరుగుదు. అడిగితే ఇచ్చేదాన్ని అడుగకుండ అమ్ముకున్నవురా.

…

…నా మాట కఠినమే. ఇంకేమనాలె మరి, నువ్వు చెప్పు, ఆ మాటనే అంట.

—

ఇంకో సంగతి విను. భయమైందని అందరితోని ఎందుకు చెప్పిందో అడిగిన. బాపు వద్దన్నడంటే ఎందుకని అడుగుతరు అత్తా, తీగె లాగితే జాబర్ పని దాంక వస్తది, గల్లీల బాపును ఒక మాట అంటరు అన్నది. పిరికిది అని నన్నంటే నాకేమైతది అన్నది.

…ఆ. అదే అన్నది.

నా ఒట్టు కూడ దానికే. తను ఆ రూముల ఉన్నట్టు బాపుకు చెప్పొద్దు, బాపు మొకం ఎత్తుకోలేడు అన్నది. నేను ఇయ్యాల ఒట్టు తప్పిన. నువ్వు అబద్ధం ఆడకపోతే తప్పకపోయేదాన్ని. శాళోళ్లే తీసేసిండ్రు అన్నవు చూడు, గప్పుడు ఆగలే నా నోరు.

…

…ఏడికి? బొరివిలీకా?

…బొంబాయి పక్కకు ఒక నేషనల్ పార్క్ ఉన్నది, దాంట్ల పంజరంల పులి ఉంటది, చిన్న రైలు ఉంటది, ఆడికి తీస్కపోత అంటున్నవు. తీస్కపో. అది నీతోని వస్తది. పులి ముందల నిలబడి, మస్తున్నది బాపు అంటది. నీకోసం అట్లనే అంటది.

నాకు అదే సైసుడు అయితలేదు రాజారాం. అది అరిచినా బాగుండు, అలిగినా బాగుండు. ఇంట్ల అట్టలన్ని ఎవరికో ఇచ్చేసింది. మొన్న పార్వతీబాయి ఊకోలేక, చంద్రీ, ఒక్కసారి పిలువే, చేతులు ఆడ్తలేవు అన్నది. యాదిలేదు మౌసీ అన్నది తలకాయ ఎత్తకుంట. పెంటయ్య తాత ఇప్పటికి గడపలనే కూసుంటున్నడు. శాళల రాఘవేంద్ర సార్ దాన్ని కొత్త పిల్లలకు పిలిచే పని చెయ్యమన్నడట. వద్దు సార్, ఇంట్ల పనున్నది అన్నదట. ఆయన ఇంక అడుగుతలేడు. ఆయనకు కూడ సగం తెలిసినట్టున్నది.

…ఇప్పుడు వస్తే ఏం చేస్తవు? ఇప్పుడు రాకు.

…సిద్దేశ్వర్ జాత్రకు వస్తనన్నవు గద, గప్పుడే రా. వచ్చి దాని ముందల నీకేమీ తెల్వనట్టే ఉండాలె. నేను చెప్పిన్నని దానికి తెలిస్తే, నీ కోసం అది మోసిందంత మట్టిల పోతది. కాళ్లు పట్టుకుని ఏడ్చి, నీ గుండె బరువు దించుకుంట అంటే నేను ఊకోను. అది ఎట్ల మోస్తున్నదో నువ్వు అట్లనే మొయ్యాలె. దాని మొకం చూసుకుంట, దాని చేతి బువ్వ తినుకుంట. గంతే నేను నిన్ను అడిగేది.

…

…చేస్తవా?

…ఆ అను నోటితోని.

…సరే.

…ఆగు. ఆగాగు. వస్తున్నది. మలుపు తిరిగింది, ఖాళీ చాట చంకల పెట్టుకోని. రాజారాం, ఏడుపు ఆపు. ముక్కు తుడుచుకో. గొంతు సాఫ్ చేసుకో జల్ది. ఎట్లున్నవు బిడ్డా అను, తిన్నవా అను, చాలు. ఇంకేమి అనకు.

చంద్రీ… ఇటు రా బిడ్డా, మీ బాపు. భివండి నుంచి. చాట ఆడ పెట్టు. చేతులు తుడుచుకో.

ఇగో తమ్మీ, వచ్చింది. ఇస్తున్న…

…హలో?

…రాజారాం?

…హలో… తమ్మీ, ఇస్తున్న, ఉన్నవా?

…

పెట్టేసినవారా.

…

…ఆ? ఏం లేదు బిడ్డా. లైన్ల గరగర వస్తున్నది. ఆగు, నేను మాట్లాడి ఇస్త…

ఆ, తమ్మీ. ఆ, ఇప్పుడు వినవడ్తున్నది. చెప్పు.

…ఆ, ఈడనే ఉన్నది. పక్కకే నిలబడ్డది.

…ఎండల పోయొచ్చింది గద, జర మొకం వాడింది గంతే. మంచిగున్నది.

…అడుగుతున్నడు బిడ్డా, అన్నం తిన్నదా అని… ఆ, తిన్నది. పొద్దుగాల్ల జొన్నరొట్టె తిని పోయింది.

…ఏంది? జాత్రకు వస్తవా. తప్పకుండనా. ఆ, చెప్త. దానికే చెప్త.

…లే బిడ్డా, ఆగు. చెవి ఎందుకు దగ్గర పెడ్తవు, సప్పుడు వస్తున్నదంటి గద… చెయ్యి తియ్యి. నేను ఇస్త.

…ఆ, రాజారాం? సేట్ పిలుస్తున్నడా. మగ్గం ఆగిందా. అట్లయితే పో. పో, పని చూసుకో. మళ్ల చెయ్యి. పాణం మంచిగ చూసుకో. ఆ… ఆ… ఉంట.

పెడుతున్న మరి.

…ఏంది బిడ్డా అట్ల చూస్తవు. నిజంగనే. లైన్ మీదికి వచ్చిన కాడ్కెళ్లి నిన్నే అడిగిండు.